అక్క గొంతు బొంగురుపోయింది

జలుబు లేదు, అయినా ఫోన్లో అక్క గొంతు బొంగురుగా వినిపించేది. సంక్రాంతికి వెళ్లి చూస్తే ముఖం ఉబ్బి ఉంది, కనుబొమల చివర్లు పలచబడ్డాయి, మడమలు పగిలి దుప్పటికి పట్టుకుంటున్నాయి. తిండి తగ్గినా బరువు పెరిగింది. మలబద్ధకం, నెలసరిలో ఎక్కువ రక్తస్రావం, పట్టపగలే నిద్ర.

"వయసు మీద పడుతోందే" అంటుంది, నలభై కూడా రాకుండానే! ఆడవాళ్ల నీరసాన్ని ఇళ్లలో ఇలాగే కొట్టిపారేస్తారు, నాకు ఒళ్లు మండుతుంది.

రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ అనే హార్మోన్ 38 వచ్చింది. మామూలుగా దాదాపు 4 లోపు ఉండాలి. థైరాయిడ్ మందగించినప్పుడు దాన్ని పని చేయించాలని మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఈ హార్మోన్‌ను ఇంకా ఇంకా వదులుతుంది, అందుకే ఆ అంకె పెరుగుతుంది.

ఇప్పుడు పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుని, గంట ఆగాకే కాఫీ తాగుతోంది. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలట. 6 వారాలకు మళ్లీ పరీక్ష.