టాప్ వేరియంట్ స్పీకర్ల కోసం రెండు లక్షలు పెట్టాలా?

ఒంగోలులో ఉద్యోగం, నెల్లూరులో ఇల్లు ఉన్న నాబోటి వాడికి పాట వినే తీరిక దొరికేది ఎక్కువగా కారులోనే. టంగుటూరు టోల్‌గేటు దాటిన దగ్గర్నుంచి కోవూరు మీదుగా పెన్న వంతెన ఎక్కేదాకా, ఫోన్ మోగకపోతే, ఆ సమయమంతా సంగీతానిదే. అందువల్ల కొత్త కారు తీసుకునేటప్పుడు షోరూములో వినిపించిన పేరున్న సౌండ్ సిస్టమ్‌ను తేలిగ్గా కొట్టిపారేయలేకపోయాను. ఆ స్పీకర్లు కావాలంటే టాప్ వేరియంటే తీసుకోవాలి. నేను అనుకున్న మధ్య వేరియంట్‌కూ దానికీ ఆన్‌రోడ్ ధరలో తేడా రెండు లక్షలు దాటుతోంది. ఆ డబ్బుకు తగిన ఫలితం ఉంటుందా అని ఆరా తీస్తూ తెలుసుకున్న విషయాలనూ, చివరకు నేను తీసుకున్న నిర్ణయాన్నీ ఇక్కడ రాస్తున్నాను.

మన దేశంలో ఇప్పుడు కాస్త ఖరీదైన చాలా కార్లలో ఏదో ఒక ఆడియో కంపెనీ పేరు కనిపిస్తుంది. క్రెటా, సెల్టోస్ కార్లలో బోస్, నెక్సాన్, హారియర్‌లలో జేబీఎల్ ఉన్నాయి; మహీంద్రా ఎక్స్‌యూవీ700లో 12 స్పీకర్ల సోనీ సిస్టమ్ వచ్చింది. ఇవి చాలావరకు పై వేరియంట్లకే పరిమితం. వాటితోపాటే సన్‌రూఫ్, చల్లగాలి వచ్చే సీట్లు, కెమెరాలు కూడా వస్తాయి కాబట్టి, రెండు లక్షల తేడాలో పాటకు పెడుతున్నది ఎంతో విడదీసి చెప్పడం కష్టం. మిగతా సౌకర్యాలు మీకు ఎటూ కావలసినవే అయితే ఈ చర్చ అక్కర లేదు, టాప్ వేరియంటే తీసుకోండి. నాకు సన్‌రూఫ్ అక్కర లేదు. నెల్లూరు ఎండలో అది తెరిచి తిరిగే రోజులు ఏడాదిలో ఎన్ని ఉంటాయి? కాబట్టి ఆ తేడా మొత్తాన్నీ స్పీకర్ల ఖాతాలోనే వేసి చూశాను.

కంపెనీ అమర్చిన సిస్టమ్‌కు ఉన్న అసలు బలం ఆ కారు లోపలి ఆకారాన్ని బట్టి ధ్వనిని సరిదిద్దడంలో ఉంది. బోస్ సంస్థ 1983 మోడల్ క్యాడిలాక్ సెవిల్ కోసం సిస్టమ్ తయారు చేసినప్పటి నుంచి ఈ పద్ధతి పేరు తెచ్చుకుంది. సీట్ల బట్ట ఎంత ధ్వనిని పీల్చుకుంటుంది, అద్దాలు ఎంత తిప్పికొడతాయి, డ్రైవరు తల ఎక్కడ ఉంటుంది అనేవన్నీ కొలిచి, ఏ స్పీకరుకు ఏ స్థాయిలో, ఎంత ఆలస్యంతో ధ్వనిని పంపాలో ముందే నిర్ణయిస్తారు. ఆ ఆలస్యం ఎందుకో ఒక లెక్కతో చెబుతాను. మన దగ్గర మామూలుగా ఉండే 31 డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకు 350 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే 35 సెంటీమీటర్లు దాటడానికి ఒక మిల్లీసెకను పడుతుంది. కుడివైపు కూర్చున్న డ్రైవరుకు కుడి ట్వీటరు (సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకరు) ముప్పావు మీటరు దూరంలో, ఎడమ ట్వీటరు మీటరున్నర దూరంలో ఉన్నాయనుకుంటే, ఎడమ ధ్వని రెండు మిల్లీసెకన్లు వెనకబడి చేరుతుంది. చెవికి ఆ కాస్త తేడా చాలు, గాయకుడు డాష్‌బోర్డు మధ్యలో ఉన్నట్టు కాక కుడి అద్దం పక్కన నిలబడి పాడుతున్నట్టు అనిపించడానికి. కుడి స్పీకరును అదే రెండు మిల్లీసెకన్లు ఆపితే గొంతు మధ్యకు వచ్చేస్తుంది. షోరూములో ఆ సిస్టమ్ విన్నప్పుడు నన్ను కట్టిపడేసింది ఇదే. బాలు గారి పాటలో చరణానికీ చరణానికీ మధ్య తీసుకునే ఊపిరి కూడా సరిగ్గా ఎదురుగా వినిపించింది.

అయితే ఆ షోరూములో ఏసీ చప్పుడు తప్ప మరే మోతా లేదు, కారు ఇంజను ఆపి ఉంది. నేను పాట వినేది జాతీయ రహదారి మీద. వందకు దగ్గరగా వెళ్తున్నప్పుడు మామూలు కారు లోపల టైర్లు, గాలి కలిసి 65 నుంచి 70 డెసిబెల్స్ మోత చేయడం సాధారణం. ఆ మోతలో అధిక భాగం కింది స్థాయిలో, అంటే మృదంగం ఎడమవైపు, తబలాలో డగ్గా, బేస్ గిటారు పలికే చోటే ఉంటుంది. అందుకే బండి కదిలేసరికి ముందుగా మాయమయ్యేది బేసే. దాన్ని తిరిగి వినాలని వాల్యూమ్ పెంచుతూ పోతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్. అదే 90కి చేరితే 4 గంటలే. ప్రతి వారం రానూపోనూ ఈ దారిలో తిరిగేవాడు ఈ అంకెలను పట్టించుకోక తప్పదు. అందువల్ల టెస్ట్ డ్రైవ్‌కు మళ్లీ అడిగి, రద్దీ లేని చోట ఎనభై, తొంభైలలో నడుపుతూ అవే పాటలు విన్నాను. మంచి సిస్టమే, సందేహం లేదు. కానీ షోరూములో రెండు వేరియంట్ల మధ్య నాకు తెలిసిన తేడాలో సగం కూడా రోడ్డు మీద మిగల్లేదు.

వాట్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు మొదట చెప్పేది ఆ అంకెనే. స్టీరియో పెట్టె మీద 'ఒక్కో స్పీకరుకు 50 వాట్లు' అని ఉంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో దొరికేది 14.4 వోల్టులు. దాన్ని 4 ఓమ్‌ల స్పీకరు మీద పెడితే లెక్క ప్రకారం సుమారు 52 వాట్లు వస్తుంది. అయితే అది స్వరం పగిలిపోయి, తరంగం పైనా కిందా నరికినట్టు చదునైపోయినప్పటి అంకె. శుభ్రమైన స్వరానికి అందులో సగం, అంటే 26 వాట్లు. నష్టాలు పోను చేతికి వచ్చేది 20 ప్రాంతంలో ఉంటుంది. కాబట్టి ఆర్ఎమ్ఎస్ (నిలకడగా ఇవ్వగల శక్తి) అని రాసిన అంకెను మాత్రమే చూడాలి. పైగా వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు గట్టిగా అనిపించాలంటే సుమారు పది రెట్ల శక్తి కావాలి.

ఆ తర్వాత నెల్లూరు మినీ బైపాస్‌లో కార్ల యాక్సెసరీస్ షాపు నడిపే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన ధరల పట్టిక ఇవ్వలేదు, పనిలో ఉన్న ఒక కారు తలుపు చూపించారు. లోపలి ప్యానెల్ ఊడదీసి ఉంది. ఇనుప రేకులో చెయ్యి దూరేటంత కంతలు, వాటి మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం, కింద స్పీకరు. వేలితో బయటి రేకును కొట్టి, "వినండి సార్, డబ్బా మోగినట్టు లేదా? దీంట్లో మీరు ఏ స్పీకరు పెట్టినా రేకు కూడా దాంతోపాటే పాడుద్ది" అన్నారు. పక్క తలుపుకు అప్పటికే నల్లటి షీటు అతికించి ఉంది. దాన్ని కొడితే చెక్కను కొట్టినట్టు పొడిగా, పొట్టిగా వినిపించింది. ఆ పని ఎందుకు ఫలిస్తుందంటే, స్పీకరు ముందుకు ఎంత గాలిని నెడుతుందో వెనక్కీ అంతే నెడుతుంది. ఆ వెనక గాలి కంతల గుండా బయటికి వచ్చి ముందరి దానితో కలిస్తే ఒకదాన్నొకటి రద్దు చేసుకుని బేస్ పోతుంది. కంతలు మూసి రేకు కంపనం ఆపితే తలుపే స్పీకరుకు పెట్టెగా మారుతుంది. రోడ్డు మోత కూడా కాస్త తగ్గుతుంది. ఖరీదైన సిస్టమ్‌ను విన్నప్పటికంటే ఆ రెండు తలుపుల చప్పుడు విన్నప్పుడే నా ఆలోచన ఒక దారికి వచ్చింది.

మన ప్రాంతంలో ఈ పని చేయించేవాళ్లు రెండు విషయాలను పట్టుబట్టి అడగాలి. మొదటిది షీటు రకం. తారుతో చేసిన చవక షీట్లు మే నెల ఎండలో నిలిపిన కారులో మెత్తబడి, వాసన కొట్టి, కిందికి జారతాయి. బ్యూటైల్ రబ్బరుతో చేసినవి ఆ వేడిని తట్టుకుంటాయి. అదే కారణంతో స్పీకరు అంచు కూడా స్పాంజిది కాక రబ్బరుది అయి ఉండాలి. రెండోది నీటి దారి. అద్దం మీద పడిన వాన నీరు తలుపు లోపలికి దిగి అడుగున ఉన్న చిన్న రంధ్రాల గుండా పోతుంది. షీటు అతికించేవాళ్లు తొందరలో ఆ రంధ్రాలను మూసేస్తే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను వానలు పడే మన జిల్లాలో తలుపులు లోపలి నుంచి తుప్పు పట్టిపోతాయి. పని ముగిశాక ఒక చెంబుడు నీళ్లు అద్దం మీద పోయించి, అవి తలుపు కింద నుంచి కారడం కళ్లారా చూసిన తర్వాతే డబ్బు ఇవ్వండి.

వైరింగ్ విషయంలో నేను ఏమాత్రం రాజీపడను. కంపెనీ వైరును కోసి అతుకులు వేస్తే ఎలక్ట్రికల్ వారంటీ మీద పేచీ వచ్చే అవకాశం ఉంది. ఆ మోడల్‌కు సరిపోయే కప్లర్లు (వైరు కోయకుండా కలిపే ప్లగ్గులు) మార్కెట్లో దొరుకుతాయి, వాటితోనే బిగించమని చెప్పాలి. యాంప్లిఫయరు పెట్టిస్తే బ్యాటరీ నుంచి వచ్చే తీగకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. అది లేకపోతే తీగ ఎక్కడైనా ఒరుసుకున్నప్పుడు నిప్పంటుకుంటుంది. తీసేసిన పాత స్పీకర్లను భద్రంగా దాచుకుంటే, కారు అమ్మేటప్పుడు వాటిని తిరిగి బిగించి కొత్తవి మనమే ఉంచుకోవచ్చు. కంపెనీ సిస్టమ్‌లో ఆ వెసులుబాటు లేదు.

పాట ఎక్కడి నుంచి వస్తున్నదనేది కూడా ముఖ్యమే. ఫోన్ యాప్‌లో క్వాలిటీని ఆటోమేటిక్‌లో వదిలేస్తే సిగ్నల్ తగ్గిన చోట నాణ్యత పడిపోతుంది, అందుకే నేను పాటలను ఇంటి వైఫైలో ఎక్కువ నాణ్యతతో దింపుకుని కేబుల్ పెట్టి వింటాను. ఎఫ్ఎమ్‌లో 15 కిలోహెర్ట్జ్ పైన ఏమీ రాదు. 1950లు, 60ల నాటి పాటలు మోనోలో రికార్డయినవి. వాటికి పన్నెండు స్పీకర్లు పెట్టినా కొత్తగా బయటపడేది పెద్దగా ఉండదు, గొంతు పలికే మధ్య స్థాయి స్పష్టంగా ఉంటే చాలు. వినే పాటల్లో సగం అటువంటివే అయినవాళ్లు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోవాలి.

ఇవన్నీ చూసుకుని మధ్య వేరియంటే తీసుకున్నాను. ముందు రెండు తలుపులకూ బ్యూటైల్ షీట్లు వేయించి, ట్వీటరు విడిగా ఉండే కాంపొనెంట్ స్పీకర్లు పెట్టించి, ఆలస్యాన్ని సరిదిద్దగల డీఎస్‌పీ చిప్ ఉన్న చిన్న యాంప్లిఫయరును సీటు కింద అమర్చుకున్నాను. మొత్తం ఖర్చు వేరియంట్ల తేడాలో మూడో వంతు కూడా కాలేదు. బాలు గారి గొంతు ఇప్పుడు డాష్‌బోర్డు మధ్యలోనే ఉంది, కావలి దాటాక కూడా అక్కడి నుంచి కదలడం లేదు. అయినా కారును ఎక్కువగా ఊళ్లోనే నడిపేవాళ్లకూ, షాపుల చుట్టూ తిరిగే ఓపిక లేనివాళ్లకూ, ఏదైనా పాడైతే ఒకే చోట అడగాలనుకునేవాళ్లకూ నేను కంపెనీ సిస్టమ్‌నే సూచిస్తాను. విద్యుత్ కారు కొనేవాళ్లకైతే మరీను: ఇంజను చప్పుడు లేని ఆ కార్లలో నెమ్మదిగా వెళ్తున్నప్పుడు మంచి సిస్టమ్ గొప్పతనం పూర్తిగా తెలుస్తుంది.

బేస్ మాత్రమే పలికే సబ్‌వూఫరు ఇంకా పెట్టలేదు. డిక్కీలో పెద్ద పెట్టె పెడితే ఊరి నుంచి బియ్యం బస్తాలు తెచ్చుకోవడానికి చోటు ఉండదు కాబట్టి, సీటు కింద పట్టే ఎనిమిది అంగుళాల రకాన్నే చూస్తున్నాను. "పాట వినపడాలగానీ గుండెలు అదరకూడదు నాయనా" అని అమ్మ ముందే చెప్పింది. సంక్రాంతికి ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఒంగోలు తీసుకువెళ్లేటప్పుడు, షాపు పెద్దాయన అరువిస్తానన్న దాన్ని బిగించి వినిపిస్తాను. ఆమె సరే అంటేనే కొంటాను.