నేను ట్యూబా

జపాన్‌లో రాష్ట్రం లాంటి పాలనా ప్రాంతమైన చిబా ప్రిఫెక్చర్‌లోని ఒక ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలలో ఇంగ్లిషు సహాయ ఉపాధ్యాయుడిగా చేరిన మొదటి ఏడు, స్వపరిచయం రాయమంటే రెండో సంవత్సరం అమ్మాయి ఒకరు "ఐ యామ్ ట్యూబా" అని రాసింది. ట్యూబా అంటే లోతైన స్వరాలు పలికే పెద్ద ఇత్తడి ఊదుడు వాద్యం. నేను దాన్ని కొట్టేసి "ఐ ప్లే ద ట్యూబా" అని దిద్దాను. జపనీస్‌లో "వతాషి వ చూబా దెసు" అంటే "నాది ట్యూబా" అనే అర్థం వస్తుందని, ఆ వాక్యాన్నే ఆమె మాటకు మాట ఇంగ్లిషులోకి దించిందని నాకు తెలుసు. అయినా నాలుగేళ్లుగా ఆ బడి సుయిసోగకు బృందాన్ని, అంటే ఊదే వాద్యాల మేళాన్ని, దగ్గరగా చూశాక, దిద్దాల్సినంత తప్పు అందులో ఉందా అన్న సందేహం నన్ను వదలడం లేదు.

ఏప్రిల్‌లో కొత్తగా చేరిన పిల్లలు ఒక్కో వాద్యాన్నీ ఊది చూస్తారు. ఫ్లూటు, సాక్సోఫోన్ కోరేవారే ఎక్కువ. పెదవుల తీరు, చేతుల పొడవు, బృందంలోని ఖాళీలు చూసి ఎవరికి ఏది ఇవ్వాలో ఉపాధ్యాయురాలు, సెంపాయ్‌లు, అంటే పై తరగతుల పిల్లలు, నిర్ణయిస్తారు. ఈ అమ్మాయి కోరినది ఫ్లూటు, చేతికి వచ్చినది దాదాపు పది కిలోల ట్యూబా. అది పాఠశాల ఆస్తి. దాని పెట్టె మూత లోపల అంతకుముందు వాయించినవారి పేర్లు వరుసగా ఉన్నాయి. బడి అయ్యాక ఒక్కో విభాగం ఒక్కో ఖాళీ తరగతిలో కూర్చుని, మెట్రోనోమ్ ముందు ఒకే స్వరాన్ని నిలిపి ఊదుతుంది. సంగీత తరగతిలో మన సరిగమల్లాంటి దొరెమీ పాడే ఈ పిల్లలే ఇక్కడ శ్రుతి చూసుకునే స్వరాన్ని జర్మన్ పేరుతో "బే" అంటారు.

విజయనగరంలో చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకున్న నాకు ఈ పద్ధతి మొదట మింగుడుపడలేదు. మా గురువుగారి ఎదుట ఒక్కొక్కరం విడిగా పాఠం అప్పజెప్పేవాళ్లం. వినగానే ఎవరి కమానో తెలియాలని ఆయన పట్టుబట్టేవారు. ఇక్కడ ఎవరి ధ్వనీ విడిగా తెలియకూడదు. పక్కనున్నవారు ఊపిరి తీసుకునేచోట తాను తీసుకోకుండా నాదం తెగిపోకుండా చూడటాన్ని "కన్నింగు బురెసు" అంటారు. రెండేళ్లు అలా కూర్చున్న పిల్లకు తన ఊపిరితో పాటు పక్కపిల్ల ఊపిరి కూడా తెలుస్తుంది. దీన్ని వ్యక్తిత్వం అణగిపోవడంగా మొదట లెక్కగట్టిన నేను, ఆ మాటను ఇప్పుడు అంత ధైర్యంగా అనలేను.

నాకు ఇప్పటికీ కష్టంగా తోచేది పోటీ. 1940లో మొదలై, యుద్ధంతో ఆగి, 1956లో తిరిగి ఆరంభమైన అఖిల జపాన్ పోటీలో, పెద్ద విభాగానికి మాధ్యమిక పాఠశాల నుంచి 50 మందే వేదిక ఎక్కాలి. నిర్దేశించిన రచన, తాము ఎంచుకున్న రచన రెండూ కలిపి 12 నిమిషాల్లో ముగించాలి. ఎంపిక కాని పిల్లలు ఎండలో లారీలోంచి డ్రమ్ములు దించుతారు. బంగారు బహుమతి వచ్చినా పై అంచె పోటీకి పంపకపోతే దాన్ని "దమె కిన్", పనికిరాని బంగారం అంటారు. పదమూడేళ్ల పిల్లల నోట ఆ మాట వినడం నాకు బాధ కలిగిస్తుంది.

జపాన్ ప్రభుత్వ సాంస్కృతిక వ్యవహారాల సంస్థ బడి క్లబ్బుల సాధనపై 2018 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు వారానికి కనీసం రెండు రోజుల విరామాన్ని, బడి రోజుల్లో సుమారు రెండు గంటల, సెలవుల్లో మూడు గంటల పరిమితిని సూచించాయి. 2023 నుంచి వారాంతపు సాధనను బడి నుంచి స్థానిక సంఘాలకు మళ్లించే పనీ సాగుతోంది. ఆదివారాలు కూడా బడిలోనే గడిపిన ఉపాధ్యాయులను చూసినవాడిగా ఈ మార్పు అవసరమనే అంటాను. కానీ క్లబ్బు ఊరి హాలుకు మారితే, తరగతిలో నోరు విప్పని పిల్లకు బడిలో దొరికిన ఆ ఒక్క కుర్చీ ఎక్కడికి పోతుందో ఎవరైనా ఆలోచించాలి.

ఆమె "ఐ యామ్ ట్యూబా" అని రాసిన మరుసటి వేసవిలో మా బృందానికి దమె కిన్ వచ్చింది. ఆఖరి ఏడైన మూడో సంవత్సరం వారు ఆనవాయితీ ప్రకారం ఆ రోజుతో విరమించారు. సెప్టెంబరులో ఒక సాయంత్రం ఆ అమ్మాయి ప్రవేశ పరీక్ష కోసం స్వపరిచయం రాసుకోవడానికి నా దగ్గరకు వచ్చి, "ఐ యామ్" అని రాసి ఆగింది. పక్క గదిలో ఆమె కోహాయ్, అంటే కింది తరగతి అమ్మాయి, అదే ట్యూబాతో "బే" ఊదుతోంది. స్వరం కాస్త కిందికి జారింది. ఈమె పెన్సిల్ పట్టుకుని అలాగే గట్టిగా ఊపిరి తీసుకుంది.