మేపుల్ నీడలో రంగుల మడి

న్యూజెర్సీలో మా ఇంటికి ఉత్తరం వైపు ఓ పెద్ద నార్వే మేపుల్ ఉంది. దాని కింద గడ్డి కూడా సరిగ్గా మొలవదు. కొమ్మలు చిక్కగా కమ్ముకుని ఎండను కిందికి దిగనివ్వవు. వేళ్లేమో నేల పైపైనే అల్లుకుపోయి, పడిన వాన నీళ్లన్నీ తామే లాగేసుకుంటాయి. అంటే నీడకు నీడ, కరువుకు కరువు. వంటింటి కిటికీ అటే ఉంది కాబట్టి, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా గిన్నెలు కడిగేటప్పుడైనా కంటికి ఇంపుగా ఏదో ఒకటి కనపడాలని పట్టుబట్టాను.

ఫాల్, అంటే ఆకులు రాలే కాలం, రాగానే ఇక్కడ అందరి గుమ్మాల ముందూ చామంతి కుండీలు వెలుస్తాయి. చామంతికి ఎండ కావాలి, మా మడిలో అది దొరకదు. ఇలాంటి చోట పూలని నమ్ముకోవడం కన్నా ఆకుల్ని నమ్ముకోవడం మేలు. ఆకులే రంగురంగులుగా ఉండే మొక్కల కోసం నర్సరీలు తిరిగాను.

నర్సరీలో అన్నీ అందంగానే కనిపిస్తాయి. ముదురు ఊదా ఆకుల హ్యూకెరా, 'పాలెస్ పర్పుల్' అనే రకం, అక్కడ వెలుతురులో మెరిసిపోతోంది. 1991లో అమెరికాలో ఆ ఏటి మేటి బహువార్షిక మొక్కగా ఎంపికైన రకం అది. తెచ్చాక నాటకుండా, కుండీలతోనే మేపుల్ కింద అటూ ఇటూ పేర్చి, లోపలికెళ్లి కిటికీలోంచి చూశాను. ఊదా మొక్క అసలు కనపడలేదు! తడిసిన మట్టికీ దానికీ తేడా తెలియడం లేదు. ముదురు రంగును నీడ మింగేస్తుంది. దాని వెనక పసుపు చారల హకోనె గడ్డి కుండీ పెట్టి మళ్లీ చూస్తే, ఊదా ఆకుల అంచులు ఒక్కొక్కటీ విడివిడిగా తేలాయి. ఆ గడ్డి జపాన్‌లోని హకోనె కొండ ప్రాంతానిది. పోచలన్నీ ఒకే వైపు వాలి, గాలి లేకపోయినా కదులుతున్నట్టే ఉంటాయి. చలి ముదిరేకొద్దీ దానికి కాస్త గులాబీ ఛాయ కూడా వస్తుంది.

ఆ సాయంత్రంతో మిగతా మడి లెక్క తేలిపోయింది. ముదురు మొక్క ఎక్కడ పెట్టినా దాని పక్కనో వెనకో లేత రంగు ఉండాల్సిందే. ఊదా హ్యూకెరాకు పసుపు గడ్డి, పంచదార పాకం రంగు హ్యూకెరాకు బూడిద వెండి రంగు జపనీస్ పెయింటెడ్ ఫెర్న్. ఆ ఫెర్న్ ఆకుల ఈనెలు మాత్రం వంకాయ రంగులో ఉంటాయి కాబట్టి అది ఎవరి పక్కనైనా సర్దుకుపోతుంది. తెల్లటి నిగారింపు ఉన్న బ్రన్నెరాను చెట్టు మొదలు దగ్గర, అన్నిటికన్నా చీకటిగా ఉన్న మూలలో కూర్చోబెట్టాను.

ఓక్ ఆకుల హైడ్రాంజియా సంగతి వేరు. ఫాల్‌లో దాని ఆకులు దానిమ్మ గింజల రంగులోకి తిరుగుతాయి. పచ్చదనం పోయాక బయటపడే పసుపులా ఆ ఎరుపు ఆకులో ముందే దాగి ఉండదు. ఆకు ఆ రోజుల్లో కొత్తగా తయారు చేసుకుంటుంది, దానికి వెలుతురు కావాలి. అందుకే దాన్ని మేపుల్ కిందకి తోయకుండా, పొద్దుటి ఎండ కాసేపు పడే అంచున పెట్టాను.

నాటడం అసలు పని. పైన కొత్త మట్టి మందంగా పోసి అందులో నాటేస్తే సుళువే, కానీ కింద చెట్టు వేళ్లకి ఊపిరాడదు. చేతి తొళ్లికతో వేళ్ల మధ్య సందులు వెతుక్కుంటూ, ఒక్కో మొక్కకు పిడికెడు గుంత తవ్వుతూ పోయాను. లావు వేరు తగిలితే గుంత పక్కకి జరపడమే, వేరు నరకడం లేదు. ఇలాంటి చోట పెద్ద కుండీ మొక్కల కంటే చిన్నవి కొనడమే నయం, ఖర్చూ తగ్గుతుంది. సెప్టెంబరులో గాలి చల్లబడినా నేలలో వెచ్చదనం ఉంటుంది కాబట్టి వేళ్లు బాగానే పట్టుకున్నాయి. నీళ్లు మాత్రం నేల గడ్డకట్టే దాకా పోస్తూనే ఉండాలి. మేపుల్ వాటా తీశాకే వీటికి మిగిలేది.

జింకల గోల ఎలాగూ తప్పదు. మడిలో హోస్టా అనే ఆకుల మొక్క కూడా పెట్టాను. దాని ఆకులు అక్టోబరులో బంగారంలా పండుతాయి, అంతదాకా జింకలు ఆగితే. మా వీధి జింకలు ఆగవు. కాడలు తప్ప ఏమీ మిగల్చలేదు. ఫెర్న్‌నీ హకోనె గడ్డినీ మూతి పెట్టి చూసి వదిలేశాయి. హోస్టా ఇప్పుడు మెట్ల మీద కుండీలో ఉంటోంది.

ఖాళీల్లో కోలియస్ పెట్టాను. అప్పుడు మా అత్తయ్య ఇక్కడే ఉన్నారు. ఎర్ర ఆకు ఒకటి తుంచి వాసన చూసి, కాడని వేళ్ల మధ్య దొర్లించారు.

"దీని కాడ కూడా తులసి కాడలా నాలుగు పలకలుగా ఉందేమిటమ్మా?"

"రెండూ ఒకే కుటుంబం అత్తయ్యా. మన వాము ఆకైతే దీనికి సొంత చెల్లెలే."

"అయితే బజ్జీలు వెయ్యొచ్చా?" అన్నారు. వద్దన్నాను.

వాము ఆకులాగే కోలియస్‌కీ చలి పడదు. మా వైపు ఆకుల మీద గడ్డకట్టే తొలి మంచు (ఫ్రాస్ట్) అక్టోబరు రెండో సగంలో వస్తుంది, ఒక్క రాత్రిలో ఆకులు నల్లబడి వేలాడతాయి. అంతకు ముందే కొమ్మలు తుంచి గ్లాసు నీళ్లలో పెడితే వేళ్లొచ్చేస్తాయి. చలికాలమంతా కిటికీ గట్టు మీద వాము ఆకు పక్కనే అవి కూడా.

ఒక్క పూల మొక్క మాత్రం పెట్టాను, టోడ్ లిల్లీ. సెప్టెంబరు చివర్లో కాడ పొడుగునా తెల్లటి చిన్న పూలు పూస్తుంది, ప్రతి రేకు మీదా ఊదా చుక్కలు చల్లినట్టుంటాయి. కిటికీలోంచి అవి ఆనవు. అందుకే చెత్తడబ్బా దగ్గరికి వెళ్లే దారి పక్కన నాటాను. రోజూ అటు వెళ్లక తప్పదుగా.

నార్వే మేపుల్ ఆకులు ఆలస్యంగా, నవంబరులో రాలతాయి. వెడల్పాటి ఆకులు, వానకి తడిస్తే చాపలా పరుచుకుని కింది మొక్కల్ని కప్పేస్తాయి. వాటిని పోగేసి, మీద గడ్డి కోసే మెషిన్ నడిపి, ముక్కలు చేసి మడిలోనే చల్లేశాను. హ్యూకెరా నడినెత్తి మీద మాత్రం వెయ్యకూడదు, కుళ్లిపోతుంది. చలికాలంలో నేల గడ్డకడుతూ కరుగుతూ ఉంటే ఆ మొక్క వేళ్లతో సహా పైకి లేచొస్తుంది కూడా. మార్చిలో మడిలోకి దిగి, లేచినవాటిని మళ్లీ లోతుగా పాతి, చుట్టూ మట్టి అదిమాను.