డ్రైవర్ సంచిలోనే ఉండిపోయిన రోజు

అనంతపురంలో ఉంటూ గోల్ఫ్ ఆడతానని చెబితే ఎదుటివాళ్లు ముందు నవ్వుతారు, ఆ తరువాత ఎక్కడ ఆడతావని అడుగుతారు. ఉద్యోగరీత్యా పుణేలో ఉన్నప్పుడు నేర్చుకున్న ఆట చేతికి దూరం కాకూడదని, కళ్యాణదుర్గం దారిలో మాకున్న రెండెకరాల చేనులో వేరుశనగ పీకేసిన తరువాత ఆదివారాలు పొద్దున్నే బంతులు కొడుతుంటాను. ఎర్రనేల ఎండి బిగుసుకుపోయి ఉంటుంది కనుక, నూట యాభై గజాల దగ్గర పడిన బంతి మరో నలభై గజాలు గంతులేస్తూ పోతుంది. ఆ నలభై గజాలు కూడా నా భుజబలమేనని చాలా ఏళ్లు నమ్మాను.

ఆ నమ్మకం మొన్న జులైలో బెంగళూరులో పోయింది. అక్కడి హై గ్రౌండ్స్‌లో ఉన్న బెంగళూరు గోల్ఫ్ క్లబ్‌లో మా బావ సభ్యుడు. అది ప్రైవేటు క్లబ్బు. నాలాంటివాడు అక్కడ ఆడాలంటే ఎవరో ఒక సభ్యుడి అతిథిగా వెళ్లవలసిందే. తెల్లవారుజామున రెండున్నరకు బయలుదేరి, పెనుకొండ, బాగేపల్లి దాటి, సుమారు రెండు వందల కిలోమీటర్లు కారు నడుపుకుంటూ వెళ్లాను. కాలరున్న టీషర్టు వేసుకొని రమ్మని బావ ముందే రెండుసార్లు ఫోన్ చేశాడు.

ఆ క్లబ్బు 1876లో మొదలైంది. బ్రిటిష్ దీవుల వెలుపల అన్నిటికన్నా పాతదైన కలకత్తా క్లబ్బు 1829 నాటిది కాబట్టి, మన దేశంలో ఈ ఆటకు చాలామంది అనుకునేదానికంటే పెద్ద వయసే ఉంది. స్కాట్లండ్ సముద్రతీరపు ఇసుక తిన్నెల మీద పుట్టిన ఆటను దండు ఉన్న ప్రతి ఊరికీ వెంట తీసుకుపోయిన దొరలు, నీరు దొరకని చోట్ల, గుంత చుట్టూ పొట్టి పచ్చిక పెంచే గ్రీన్‌కు బదులు నూనె కలిపిన ఇసుకను చదును చేసి, దానికి బ్రౌన్ అని పేరు పెట్టుకొని మరీ ఆడారు. మా చేనులో నేను ఆడేది ఆ బాపతు ఆటకు దగ్గరి చుట్టం. పార్క్‌ల్యాండ్ అనే పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం: లోతట్టు నేల, మెత్తని పచ్చిక, బంతి కొట్టుకుంటూ సాగే ప్రతి ఫెయిర్‌వేకు ఇరుపక్కలా పెద్ద చెట్లు. ఊరు నాలుగు వైపులా పెరిగి మీదికి వచ్చిన పాత మైదానంలో పొడవు పెంచడానికి చోటుండదు కనుక, ఆటగాడిని నిలువరించే పని చెట్లదే.

ఆట మొదలుపెట్టే చోటైన మొదటి టీ దగ్గర, కర్రల్లో అన్నిటికన్నా దూరం కొట్టే డ్రైవర్ మీద నేను చెయ్యి వేయగానే, నా సంచి మోసే కేడీ, "అదొద్దు సార్, ఏడో నంబరు ఐరన్ తీస్కోండి. ఆ చెట్టు కొమ్మ చూడండి, బాలు ఆడికే పోతాది" అన్నాడు. అతనిది మడకశిర పక్క పల్లె. నేను వినలేదు. బంతి సరిగ్గా ఆ కొమ్మకే తగిలి, పక్కనున్న మరో చెట్టు మొదట్లో రెండు వేళ్ల మధ్య ఇరుక్కుంది. గోల్ఫ్ బంతి బరువు 46 గ్రాములకు మించదు. దాన్ని అక్కడి నుంచి బయటికి లాగడానికి నాకు మూడు దెబ్బలు పట్టాయి. ఆ తరువాత డ్రైవర్‌ను సంచిలోంచి తీయలేదు. తిన్నగా కొట్టిన బంతులు కూడా ముసురుకు తడిసిన గడ్డిలో పడ్డచోటే ఆగిపోతుంటే, నా అసలు దూరమెంతో పద్దెనిమిది హోళ్ల పాటు తెలిసివచ్చింది.

గ్రీన్ల మీద మరో పాఠం. నేను నేల వాలు చూసి, బంతిని గుంతలోకి దొర్లించే పుట్ కొట్టబోతుంటే, అతను వంగి అరచేత్తో గడ్డిని ఒకసారి నిమిరి, "ఇట్ల పడుకోనుండాది సార్" అని, హోల్‌కు జానెడు ఎడమగా ఒక చోట వేలు పెట్టాడు. అక్కడికి కొట్టిన బంతి మెల్లగా కుడికి తిరిగి, నాలుగుంబావు అంగుళాల ఆ గుంతలోకి దిగిపోయింది. కేడీగా మొదలుపెట్టిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచి, ఆ ఘనత సాధించిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అయ్యాడని చదివినప్పుడు ఆశ్చర్యపోయాను గానీ, ఆ అరచెయ్యి చూశాక ఆశ్చర్యం మిగలలేదు. సంచి మోసేవాడికి తెలిసిన మైదానం, సంచి గలవాడికి తెలియడం అరుదు. బావ ఇరవై ఏళ్లుగా అక్కడే ఆడుతూ ఇప్పటికీ ఆ కేడీనే అడుగుతాడు, అదీ నాకు వినబడనంత దూరం వెళ్లి.

దెబ్బలు ఎంత తక్కువైతే అంత మేలైన ఈ ఆటలో నా లెక్క 103 దగ్గర తేలింది. బావ ఏమీ అనలేదు, ఇడ్లీ తెప్పించాడు.

కారు దగ్గర కేడీ తడిగుడ్డతో ఐరన్ల గీతల్లో చిక్కుకున్న మట్టిని తుడుస్తున్నాడు. నల్లగా, ముద్దగా ఉన్న ఆ మట్టిని వేళ్ల మధ్య నలిపి చూసి, తలెత్తకుండానే, "మీ పక్క వాన పడిందా సార్, విత్తనం ఏసినారా?" అని అడిగాడు.

"ఇంకా పదును కాలేదప్పా" అన్నాను.

"మాకూ కాలేదంట సార్, మా నాయన ఫోన్ చేసినాడు" అని సంచి జిప్పు వేసి డిక్కీలో పెట్టాడు.