ఏకాదశి వ్రతం, 30 మిల్లీలీటర్ల పొట్ట

నెలకు రెండు ఏకాదశులు, శనివారం ఒంటిపొద్దు, కార్తీక సోమవారాల్లో నక్షత్రం చూశాకే భోజనం. ఇరవై ఏళ్లలో నేను ఇవేవీ తప్పలేదు. అయినా 158 సెంటీమీటర్ల ఎత్తుకు 118 కిలోల బరువు, అంటే బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు కొలత) 47. హెచ్‌బీఏ1సీ 9.2 (మూడు నెలల రక్త చక్కెర సగటు). నిద్రలో ఊపిరి ఆగిపోకుండా ముక్కుకు సీప్యాప్ మిషను.

బరువు తగ్గించే ఆపరేషన్ గ్యాస్ట్రిక్ బైపాస్ మాట ఎత్తగానే అందరూ అడిగేది ఒకటే: నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంటారా? రోజంతా పచ్చి మంచినీళ్లు ముట్టకుండా ఉండగలిగిన మనిషికి నిగ్రహం లేదనడం ఎలా కుదురుతుంది? బరువు తగ్గడం మొదలవగానే ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు తగ్గుతాయి, కూర్చున్నప్పుడు ఖర్చయ్యే కేలరీలూ పడిపోతాయి. ఒంట్లో జరిగే ఈ బేరంలో ఉపవాసం ఒక్క రోజు గెలుస్తుంది, ద్వాదశి పారణ నాడు ఓడిపోతుంది. దానికి తోడు మనం ఫలహారం పేరుతో తినే సగ్గుబియ్యం కిచిడీ, నేతిలో వేయించిన చామదుంపలు మామూలు భోజనానికి తీసిపోవు. అది వ్రతం తప్పు కాదు, వంటింటి తప్పు.

బైపాస్‌లో అన్నకోశం పైభాగాన్ని సుమారు 30 మిల్లీలీటర్ల సంచిలా విడదీసి, చిన్నపేగును దానికి కలుపుతారు. మిగిలిన అన్నకోశం, డుయోడినం (చిన్నపేగు మొదటి భాగం) లోపలే ఉంటాయి కానీ ఆహారం వాటి గుండా పోదు. అరగని ఆహారం కింది పేగుకు తొందరగా చేరడంతో జీఎల్‌పీ-1 లాంటి, ఇన్సులిన్‌ను పెంచే హార్మోన్లు పెరుగుతాయి. బరువు తగ్గకముందే, కొన్ని రోజుల్లోనే చక్కెర దిగడానికి ఇదో ముఖ్య కారణం. నా ఇన్సులిన్ ఆస్పత్రిలోనే ఆగింది.

ఇలాంటి చోట అందరూ ‘శరీరమాద్యం ఖలు ధర్మసాధనమ్’ (ధర్మానికి మొదటి సాధనం శరీరమే) అంటారు. మంచి మాటే, కానీ రేపు ఏకాదశికి మాత్ర వేసుకోవచ్చా అంటే అది జవాబు చెప్పదు. నాకు పనికొచ్చింది విదురనీతిలోని శ్లోకం: ‘అష్టౌ తాన్యవ్రతఘ్నాని ఆపో మూలం ఫలం పయః, హవిర్బ్రాహ్మణకామ్యా చ గురోర్వచనమౌషధమ్’. వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిది. నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, మందు. ఆపరేషన్ తర్వాత మనకు కావలసినవాటిలో సగం ఇందులోనే ఉన్నాయి.

ముందే తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా పొట్ట చర్మం కింద ఇచ్చే ఎనాక్సాపారిన్ ఇంజెక్షన్ పంది పేగుల నుంచి తీసే హెపారిన్‌తో తయారవుతుంది. శాకాహారులకూ ముస్లింలకూ ఈ సంగతి ఎవరూ చెప్పరు, అడిగితేనే తెలుస్తుంది. దాని బదులు వాడే ఫోండాపారినక్స్ పూర్తిగా రసాయనికంగా తయారుచేసేదే గానీ, రక్తస్రావం మొదలైతే దానికి విరుగుడు లేదు, ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. శ్లోకంలోని ఎనిమిదో మాట తలుచుకుని నేను ఎనాక్సాపారినే ఒప్పుకున్నాను. ఒప్పుకోనివారు మత్తు డాక్టరుతో పరీక్షల రోజే మాట్లాడాలి, థియేటర్ బయట కాదు. మెత్తటి క్యాప్సూళ్ల పైపొర చాలావరకు జెలటిన్, అంటే జంతువుల తోలు, ఎముకల నుంచి వచ్చేది. విటమిన్ డి3 గొర్రె ఉన్ని కొవ్వు నుంచి తీస్తారు. నమిలే మాత్రలు, శాకాహార క్యాప్సూళ్లు దొరుకుతాయి, సీసా మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనాలి.

మంగళసూత్రం, మెట్టెలు తీయాల్సిందే. విద్యుత్తుతో రక్తనాళాలు మాడ్చే పరికరం వాడేటప్పుడు లోహం ఉన్నచోట చర్మం కాలే ప్రమాదం ఉంది. లోహం లేని పసుపుతాడుకు పసుపు కొమ్ము కట్టుకుంటామంటే చాలాచోట్ల ఒప్పుకుంటారు. మెడలో మత్తు గొట్టాలకు అడ్డం కాకుండా ముంజేతికి కట్టుకోవడం మేలు.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు రోజుకు 800 నుంచి 1000 కేలరీల ఆహారమే. అన్నకోశం మీదికి వాలి ఉండే కాలేయం కొవ్వు తగ్గి చిన్నదైతేనే పొట్టలోకి పంపే కెమెరాకు దారి దొరుకుతుంది. తేదీ ఆషాఢ శుద్ధ షష్ఠికి పెట్టించుకున్నాను. ఆషాఢంలో ఏమిటని ఇంట్లో గొణిగారు. పెళ్లి భోజనాలు లేని నెల అంతకంటే మంచిది ఏముంటుంది?

తొలి ఏకాదశి ఆపరేషన్ తర్వాత 5వ రోజుకు వచ్చింది. ఆ వారం తాగేది మజ్జిగ తేట, పలచటి పాలు, వే ప్రొటీన్ (పాల విరుగుడు నీటి నుంచి తీసే పొడి), పప్పు కట్టు. పప్పు కట్టు ఒక్కటి మానితే వ్రతం నిలిచినట్టే. నిర్జలం మాత్రం ఇక జన్మలో వద్దు. లెక్క చూడండి: పావుగంటకు 30 మిల్లీలీటర్ల చొప్పున గుక్కలు. రోజుకు లీటరున్నర కావాలంటే 50 గుక్కలు, పన్నెండున్నర గంటలు. ఇవాళ మానిన నీళ్లు రేపు గటగటా తాగి పూడ్చుకోలేం, సంచి పట్టదు. కిడ్నీలో రాళ్లు, తల తిరిగి పడిపోవడం, మళ్లీ ఆస్పత్రిలో చేరడం ఇక్కడే మొదలవుతాయి.

ఆ తర్వాత మళ్లీ ఏడాది దాటాక డాక్టరు సరేనంటేనే ఏకాదశి, అదీ ప్రొటీన్ లెక్కతో. కనీసం 60 గ్రాములు కావాలి, ఆ రోజు ధాన్యాలు, పప్పులు కుదరవు. అరలీటరు పాలలో 16 గ్రాములు, వంద గ్రాముల పనీర్‌లో సుమారు 18, ఒక స్కూపు వే ప్రొటీన్‌లో 24. ఇంకో గిన్నె పెరుగుతో సరిపోతుంది. అన్నీ ఆరుసార్లుగా పంచుకోవాలి. మాత్రలు ఆపకూడదు. కాల్షియం సిట్రేట్ 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు విడతలుగా, ఐరన్‌కూ దానికీ రెండు గంటల ఎడం. బీ12 ఇక జీవితాంతం.

అసలు భయపడాల్సింది వాంతుల గురించి. వాంతులవుతూ తిండి పోకపోయినా ‘ఉపవాసమే కదా’ అని ఓర్చుకోవడం ప్రమాదం. థయామిన్, అంటే బీ1 నిల్వలు రెండు మూడు వారాల్లో అయిపోతాయి. చూపు రెండుగా కనబడటం, నడక తూలడం, మతి తికమక మొదలైతే మెదడుకు దెబ్బ తగులుతున్నట్టే. అలాంటప్పుడు వీధి చివరి క్లినిక్‌లో థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి పరిస్థితి విషమిస్తుంది. ‘ముందు థయామిన్, తర్వాతే గ్లూకోజ్’ అని తెలుగులో రాసిన చీటీ నా పర్సులో ఎప్పుడూ ఉంటుంది.

తీర్థానికి ఇబ్బంది లేదు, ఉద్ధరిణెడు ఎంతని. పంచామృతంలో మాత్రం తేనె, చక్కెర ఉంటాయి, వేలితో నాలుకకు రాసుకుంటే చాలు. చక్కెర పొంగలి, లడ్డు అసలు చిక్కు. గాఢమైన తీపి నేరుగా పేగులోకి దిగగానే రక్తంలోని నీరు పేగులోకి లాగబడి పది నిమిషాల నుంచి అరగంటలోపు గుండె దడ, చెమటలు, విరేచనం. డంపింగ్ అంటారు. గంట నుంచి మూడు గంటల తర్వాత చక్కెర పడిపోయి కళ్లు తిరగడం ఇంకో రకం. ప్రసాదం కళ్లకద్దుకుని మెతుకంత తీసుకుని మిగతాది పక్కవారికి ఇవ్వడమే నా పద్ధతి. రెండు నెలలు దాటాక దద్దోజనం, బాగా నలిపిన వడపప్పు పడతాయి. కొబ్బరి ముక్క సరిగా నమలకుండా మింగితే కుట్టు దగ్గర అడ్డం పడుతుంది, కొట్టిన చెక్క ఇంటికి తెచ్చుకుని పచ్చడి చేసుకోండి.

నాలుగో నెలలో జుట్టు గుప్పెళ్లతో ఊడింది. తలనీలాలు స్వామి ముందే తీసుకుంటున్నాడని నవ్వుకోవచ్చు గానీ, వేగంగా బరువు తగ్గితే ఇది మామూలే. ప్రొటీన్, ఐరన్, జింక్ సరిగా ఉంటే ఏడాదిలోపు తిరిగి వస్తుంది.

బీమా సంగతి ఒక్క మాట. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం బీఎంఐ 40 ఉండాలి, లేదా 35తో పాటు గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం), అదుపులో లేని టైప్ 2 మధుమేహం లాంటివి ఉండాలి. అది కూడా పాలసీలోని నిరీక్షణ కాలం గడిచాకే.

18 నెలలకు 76 కిలోలు, హెచ్‌బీఏ1సీ 5.9. ఆపరేషన్ ముందు తిరుమలలో బెల్లంతో తులాభారం మొక్కుకున్నాను. ఏ బరువు తూచాలని అడిగితే, మొక్కుకున్ననాటిదే ధర్మం అన్నారు మా పంతులుగారు. తక్కెడలో కూర్చుంటే 76, కాబట్టి మిగతా 42 కిలోల బెల్లానికి డబ్బు విడిగా హుండీలో వేస్తున్నాను.