అరికాళ్ల తిమ్మిర్లు, బి12, బలం మాత్రలు

నలభై అయిదు దాటాక వచ్చే తిమ్మిర్లను చాలామంది వయసు మీదకు నెట్టేస్తారు. నాకు రెండు పాదాల్లోనూ ఒకే తీరుగా మొదలైంది. ముందు వేళ్ల చివర సూదులు గుచ్చినట్టు, తర్వాత అరికాలికి నేల సరిగా తెలియకపోవడం, చీకట్లో నడిస్తే తూలడం. ఒక్క కాలికే వస్తే నడుము దగ్గర నరం నొక్కుకుందేమో చూస్తారు. రెండు పాదాలకూ సమంగా వస్తే షుగర్, థైరాయిడ్, మద్యం, విటమిన్ బి12 లోపం వంటివి వెతకాలి. దానికి తోడు నాలుక ఎర్రబడి, నున్నగా మారి మండుతుంటే బి12 మీద అనుమానం బలపడుతుంది.

రోజూ మల్టీవిటమిన్ వేసుకుంటున్నా లోపం ఎలా వచ్చిందన్నది మా వయసువాళ్లకు మింగుడుపడని ప్రశ్న. ఆహారంలోని బి12 విడివడాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. విడివడ్డాక అది కడుపు గోడలో తయారయ్యే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్‌తో జతకట్టి, చిన్నపేగు చివరి భాగంలో ఒంటికి పడుతుంది. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు ఏళ్ల తరబడి వాడితే ఆమ్లం తగ్గుతుంది. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ పేగులో బి12 పట్టకుండా అడ్డుపడుతుంది. నా మందుల చీటీలో రెండూ ఉన్నాయి. కాలేయంలోని నిల్వ ఏళ్లపాటు ఆదుకుంటుంది కాబట్టి, లోపం బయటపడేనాటికి దాన్ని ఫలానా మాత్రతో ముడిపెట్టాలని ఎవరికీ తోచదు. అలాగని మెట్‌ఫార్మిన్‌ను సొంతంగా ఆపకూడదు; షుగర్ అదుపు తప్పినా దెబ్బతినేది ఆ నరాలే.

మల్టీవిటమిన్‌తో ఇంకో చిక్కుంది. అందులోని ఫోలిక్ యాసిడ్ బి12 లోపం తెచ్చే రక్తహీనతను సరిచేస్తుంది గానీ నరాలను కాపాడదు. హిమోగ్లోబిన్ బాగుందని ఊరుకుంటే నరాల నష్టం లోలోపల సాగిపోతుంది. ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ 100 దాటితే అనుమానించాలి, కానీ ఐరన్ లోపం కూడా ఉంటే అది మామూలుగానే కనిపిస్తుంది. మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కంటే బి12 తక్కువుంటే సాధారణంగా లోపంగానే లెక్క. 200 నుంచి 300 మధ్య ఉంటే బి12 చాలనప్పుడు రక్తంలో పెరిగే మిథైల్‌మలోనిక్ యాసిడ్ పరీక్షతో తేల్చుకోవచ్చు. రక్తం ఇచ్చాకే బి12 మొదలుపెట్టాలి. ముందే మింగితే అంకె పెరిగిపోయి అసలు సంగతి మరుగున పడుతుంది.

లోపం నరాలదాకా వెళ్లినప్పుడు సూదిమందే మేలు: 1000 మైక్రోగ్రాములు కండలోకి, మొదట రోజు విడిచి రోజు, తర్వాత వారానికోసారి, ఆపైన నెలకోసారి. నాకు ఇదే పద్ధతిలో ఇచ్చారు. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ లేకున్నా మింగిన బి12లో దాదాపు ఒక శాతం నేరుగా రక్తంలో చేరుతుంది. 1000 మైక్రోగ్రాముల మాత్రలో అది సుమారు 10. రోజుకు కావలసింది 2.4 కాబట్టి, నిలకడ వచ్చాక మాత్రతోనూ నడుస్తుంది.

కోలుకోవడం అన్నిటా ఒకేసారి జరగదు. రక్తం వారంలోనే పుంజుకోవడం మొదలుపెట్టి రెండు నెలల్లో కుదుటపడుతుంది. నాలుక మంట, నీరసం ముందు తగ్గుతాయి. నరాలకు నెలలు పడుతుంది, కొందరికి ఏడాది. ఆలస్యమైతే కొంత మొద్దుతనం మిగిలిపోతుంది కూడా. మొదట్లో కొందరికి మంటలు పెరిగినట్టుంటాయి. మందు పడలేదనుకుని ఆ దశలో మానేయడం చాలా నష్టం.

అంతకంటే నన్ను కలవరపెట్టేది, ‘నరాల బలానికి’ అంటూ ఒకరికొకరు చెప్పుకుని మింగే మాత్రలు. వాటిలో చాలావాటిలో బి6 ఎక్కువ మోతాదులో ఉంటుంది. అది మితిమీరితే నరాలనే పాడుచేసి, పాదాల్లో అచ్చం ఇవే తిమ్మిర్లు తెస్తుంది. తగ్గలేదని మరో మాత్ర పెంచుతారు! అమెరికాలో పెద్దలకు రోజుకు 100 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో 12కే కుదించింది. నీళ్లలో కరిగే విటమిన్ కదా, ఎక్కువైతే మూత్రంలో పోతుందిలే అన్న ధీమా బి6 విషయంలో చెల్లదు.

డాక్టర్ దగ్గరికి అన్ని స్ట్రిప్పులూ, డబ్బాలూ పట్టుకెళ్లండి, జుట్టు కోసం వేసుకునే బయోటిన్‌తో సహా. అది థైరాయిడ్ పరీక్షను తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపాలి. థైరాయిడ్ మాత్రకూ, కాల్షియం లేదా ఐరన్‌కూ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి.