బీచ్‌లో ఎగరేస్తున్నారా? ముందు మోటార్లు చూడండి

డ్రోన్ ఎగరేసి ఇంటికి రాగానే చాలామంది చేసేది ఏంటంటే, మైక్రోఫైబర్ గుడ్డ తీసుకుని బాడీ తళతళలాడేలా తుడిచేసి, లెన్స్ మీద ఓసారి రాసేసి బ్యాగ్‌లో పెట్టేయడం. నేనైతే మోటార్ల దగ్గర మొదలుపెట్టమంటాను. అందులోనూ సముద్రం పక్కన ఎగరేసేవాళ్లు మిగతావన్నీ తర్వాతే చూసుకోవాలి. బాడీ మీద దుమ్ముంటే చూడ్డానికి బాగోదు, అంతే. మోటార్‌లో ఇసుకుంటే మాత్రం గాల్లోనే మొరాయిస్తుంది.

నా దగ్గరున్నది డీజేఐ మినీ 2, 249 గ్రాములది. మాది శ్రీకాకుళం, అందుకే ఎక్కువగా కళింగపట్నం వెళ్తుంటా, వంశధార వచ్చి సముద్రంలో కలిసే చోటు పైనుంచి ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. కానీ అక్కడి ఇసుకని తేలిగ్గా తీసుకోకూడదు. మన తీరంలో ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి కదా, అవి ఇల్మనైట్, మాగ్నటైట్ లాంటి బరువైన ఖనిజాలు. ఓ అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఆ నల్ల ఇసుకలో తిప్పి తీయండి, రేణువులు మీసాల్లా నిక్కబొడుచుకుని అంటుకుంటాయి. ఇప్పుడు మన డ్రోన్ మోటార్‌లో ఏముందో చూడండి: బయట తిరిగే గిన్నె లోపలివైపు బలమైన అయస్కాంతాలు, మధ్యలో కదలకుండా రాగి తీగ చుట్టలు, రెండింటికీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ. మామూలు ఇసుకైతే ఊదితే పోతుంది, ఈ నల్ల ఇసుక మాత్రం వెళ్లి ఆ అయస్కాంతానికే కరుచుకుంటుంది.

అందుకే ఇంటికి రాగానే బ్యాటరీ తీసేసి (ఇది మర్చిపోకండి, వేళ్లు అక్కడ పెట్టబోతున్నాం), ఫ్యాన్ ఆపేసి, ఒక్కో మోటార్‌నీ చెవి దగ్గర పెట్టుకుని వేలితో మెల్లగా తిప్పుతా. బాగున్న మోటార్ తిరుగుతుంటే అయస్కాంతాల వల్ల చిన్న చిన్న ఆగుడు తగులుతుంది, అది ఒకే లెక్కలో ఉంటుంది, చప్పుడు ఉండదు. రేణువు ఉంటే మాత్రం ఒక చోటే కరకరమంటుంది, వేలికి కూడా తెలుస్తుంది. నాలుగూ వరసగా తిప్పి చూస్తే ఏది తేడాగా ఉందో పోల్చుకోవడం తేలిక. అప్పుడు డ్రోన్‌ని తలకిందులుగా పట్టుకుని, లెన్స్‌లకి వాడే రబ్బరు బ్లోవర్‌తో కింద నుంచి ఊదాలి, మోటార్ తిప్పుతూ ఊదాలి. దానికీ రాకపోతే పన్ను పుల్ల కొసకి సెల్లో టేప్ జిగురు బయటకి వచ్చేలా చుట్టి, టార్చ్ వేసుకుని ఆ సందులో నుంచి అద్ది తీస్తా. పిన్నీసు, సూది లాంటివి అస్సలు పెట్టొద్దు, రాగి తీగ మీదున్న పూత గీసుకుపోతే షార్ట్ అయిపోతుంది, పైగా ఇనుము కదా, అయస్కాంతం లాక్కుంటుంది కూడా.

నూనె వేయమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, కుట్టుమిషన్ నూనె, తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే, ఏదో ఒకటి. వద్దు. నూనెకి ఇసుక తోడైతే బేరింగ్‌ని అరగదీసే ముద్ద తయారవుతుంది. తడిసిన డ్రోన్‌ని బియ్యం డబ్బాలో పెట్టడం కూడా అంతే, ఆ పిండి వెళ్లి మోటార్లలో చేరుతుంది.

మోటార్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, మినీ 2లో మోటార్ పోతే అది బిగించి ఉన్న డ్రోన్ చేయి (మోటార్‌ని మోసే కొమ్మ) మొత్తం మార్చాలి, లోపల వైర్లు సోల్డరింగ్ చేయాలి. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిని కేంద్రం ఆపేసింది, విడిభాగాలకి ఆ నిషేధం లేదు గానీ మాలాంటి ఊళ్లలో చేయి తిరిగిన రిపేరు మనిషి దొరకడం కష్టం. ఉన్నదాన్ని కాపాడుకోవాలి.

ప్రొపెల్లర్ల సంగతి త్వరగా చెప్పేస్తా. గోటిని రెక్క అంచు వెంబడి కొస దాకా జరిపితే కంటికి కనపడని గీత, నొక్కు కూడా తగులుతాయి. చిన్న నొక్కున్నా వణుకు పుడుతుంది, ఆ వణుకే వీడియోలో జెల్లీలా అలలుగా కనిపిస్తుంది, జనం కెమెరా పోయిందనుకుంటారు. మారిస్తే ఆ మోటార్ మీదున్న రెండు రెక్కలూ కలిపి మార్చాలి, గుర్తు వేసిన రెక్కలు గుర్తు వేసిన డ్రోన్ చేతికే, స్క్రూలు కూడా కొత్తవే. బిగించాక రెక్క కీలు దగ్గర ఫ్రీగా ఊగాలి, బిర్రుగా ఉంటే ఎక్కువ బిగించినట్టు. సంక్రాంతి రోజుల్లో అయితే రెక్కల కింద షాఫ్ట్‌కి గాలిపటం దారం చుట్టుకుందేమో తప్పకుండా చూడండి, మాంజా సన్నగా ఉంటుంది, వెలుతురుకి ఎదురు పెడితే గానీ కనపడదు.

ఉప్పు గాలికి బాడీ మీద జిడ్డులా ఒక పొర పేరుకుంటుంది. మామూలు నీళ్లలో తడిపి గట్టిగా పిండేసిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో తుడిస్తే చాలు, ఈ డ్రోన్‌కి నీళ్ల నుంచి రక్షణేమీ లేదు కాబట్టి చుక్క కూడా కారకూడదు. బ్యాటరీ పిన్నుల దగ్గర మాత్రం మొబైల్ రిపేర్ షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదిపుల్లకి అద్ది రాయండి. శానిటైజర్ వాడొద్దు, చాలావాటిలో గ్లిజరిన్ ఉంటుంది, పొర మిగిలిపోతుంది. కింద ఉన్న సెన్సర్ల అద్దాలు కూడా తుడవండి, వాటిని ఎవరూ పట్టించుకోరు పాపం.

గింబల్, అంటే కెమెరా వణక్కుండా పట్టుకునే భాగం, ఉన్నచోట చెయ్యి చాలా తేలిగ్గా ఉండాలి. దాని వెనక రిబ్బన్ కేబుల్ కాగితంలా ఉంటుంది. ముందు ఊదాలి, ఆ తర్వాతే లెన్స్ తుడవాలి, ఇసుక ఉండగా తుడిస్తే గీతలు మనమే పెట్టినట్టు. ఆన్ చేయగానే గింబల్ తనంతట తాను అటూ ఇటూ తిరిగి చూసుకుంటుంది కదా, అప్పుడు ఎక్కడైనా తట్టుకుంటే ఓవర్‌లోడ్ అని మెసేజ్ వస్తుంది, చాలాసార్లు లోపల ఒక ఇసుక రేణువే ఉంటుంది, లేదంటే గింబల్ మీద తొడిగే ప్రొటెక్టర్ మూత తీయకుండా ఆన్ చేసి ఉంటారు.

చివరగా బ్యాటరీ. మన ఎండలకి ఇదే ఎక్కువ నలిగిపోతుంది. ఈ డ్రోన్‌కి కంపెనీ చెప్పిన హద్దే 40 డిగ్రీలు, మే నెలలో మనకి నీడలోనే అంతుంటుంది, ఇక కారు డాష్‌బోర్డ్ మీద పెడితే చెప్పక్కర్లేదు. ఎగరేసి రాగానే వేడిగా ఉన్నప్పుడే చార్జింగ్ పెట్టకండి, చేత్తో పట్టుకుంటే చల్లగా అనిపించేదాకా ఆగండి. కొన్నాళ్లు వాడనప్పుడు సగం చార్జ్‌లో దాచాలి, ఫుల్‌లో వద్దు, సున్నాలోనూ వద్దు. అప్పుడప్పుడు నున్నటి గచ్చు మీద పడుకోబెట్టి చూడండి, అటూ ఇటూ ఊగిందంటే ఉబ్బినట్టే. ఉబ్బిన బ్యాటరీ స్లాట్‌లో సరిగ్గా కూర్చోదు, క్లిక్‌మని పడకుండా ఎగరేస్తే పైన జారిపోయే ప్రమాదం ఉంది. దాన్ని నొక్కి సరిచేయొద్దు, గుచ్చొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. పొడి ఇసుక పోసిన మట్టి కుండలో పెట్టి ఇంటి బయట ఉంచి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేయండి.